కొలిమి మారాలంటే కొనేవాడు ముందుకు రావాలి

తాల్చేరు గనుల బొగ్గు ఖుర్దా రోడ్డు దగ్గర హౌరా–చెన్నై లైను ఎక్కి, పలాస, నౌపడ, హరిశ్చంద్రపురం స్టేషన్ల మీదుగా విశాఖ పక్కనున్న సింహాద్రి విద్యుత్ కేంద్రానికి పోతుంది. ఆ పట్టాలకూ సముద్రానికీ నడుమ, శ్రీకాకుళం జిల్లాలోని బీల, తంపర అనే చిత్తడి భూముల్లో మరో రెండు బొగ్గు కేంద్రాలు లేవాల్సింది. సోంపేటలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ, కాకరాపల్లిలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ, ఒక్కొక్కటి 2,640 మెగావాట్లతో కట్టడానికి సిద్ధపడ్డాయి. రైతులు, మత్స్యకారులు ఎదురు తిరిగారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. చివరికి ఆ రెండు కేంద్రాల నుంచీ ఒక్క యూనిట్ కరెంటు కూడా రాలేదు. బొగ్గు లేకపోతే దేశానికి వెలుగు లేదని, సూర్యుడి కరెంటు ధనిక దేశాల ముచ్చటని అప్పట్లో గట్టిగా వినిపించిన మాట. ఆ మాటకు లెక్కల బలం కూడా ఉండేది. సోంపేట కాల్పులు జరిగిన ఏడాది చివర్లోనే జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో పలికిన అతి తక్కువ ధర యూనిట్‌కు 10 రూపాయల 95 పైసలు. ఏడేళ్లు తిరగకుండానే, 2017 ఏప్రిల్లో, మన కడప సోలార్ పార్కు వేలంలో అది 3 రూపాయల 15 పైసలకు దిగింది.

ఆ తగ్గుదలలో చైనా ప్యానెళ్ల చవక పెద్ద భాగమే. కానీ ప్యానెళ్ల ధర ప్రపంచమంతటా ఒకేలా తగ్గినా, సౌర విద్యుత్ ధర అన్ని దేశాల్లో ఒకేలా తగ్గలేదు. కడపలో అంత తక్కువకు ఇవ్వగలిగారంటే, ఇరవై ఐదేళ్లపాటు ఒకే ధరకు కొంటామని ఎన్టీపీసీ ముందే రాసిచ్చింది కాబట్టి. ఆ కాగితం చూపిస్తే బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. ఒకసారి కట్టేశాక ఇంధనం ఖర్చు లేని పరిశ్రమలో ధరను నిర్ణయించేది ప్రధానంగా వడ్డీయే. ఇవాళ ఉక్కు, సిమెంటు, ఎరువుల కర్మాగారాల్లో కర్బనం తగ్గించే సాంకేతికత విషయంలో మనం సరిగ్గా 2010 నాటి సౌర విద్యుత్ స్థితిలోనే ఉన్నాం. యంత్రం తయారైంది. దాని సరుకును ఇన్నేళ్లు, ఇంత ధరకు కొంటానని మాట ఇచ్చేవాడు మాత్రం రాలేదు. భారీ పరిశ్రమ మారకపోవడానికి ఎన్ని కారణాలు చెప్పుకున్నా, వాటిలో చాలావరకు ఈ ఒక్క లోటు దగ్గరికే వచ్చి ఆగుతాయన్నది నా వాదన.

ముందుగా చిక్కు ఎక్కడుందో స్పష్టంగా చూడాలి. విద్యుత్ కేంద్రంలో బొగ్గు కేవలం ఇంధనం. దాని బదులు ఎండ, గాలి వాడినా వచ్చేది అదే కరెంటు. ఉక్కు కర్మాగారంలో అలా కుదరదు. ఇనుప ఖనిజమంటే ఇనుమూ ఆక్సిజనూ కలిసిన రాయి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో బొగ్గు నుంచి చేసిన కోక్ వేడిని ఇవ్వడంతో పాటు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుని కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. అందుకే ఈ పద్ధతిలో టన్ను ఉక్కు తయారైతే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. మన దేశపు సగటు 2.5 టన్నులు దాటింది. సిమెంటుదీ ఇలాంటి కథే. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే వాయువు వెలువడుతుంది. బట్టీ కింద ఏ ఇంధనం పెట్టినా అది ఆగదు. ఉక్కు విషయంలో మరో దారి తెలిసిందే. కోక్ చేసే పని హైడ్రోజన్ చేయగలదు. అప్పుడు వెలువడేది నీటి ఆవిరి. అలా వచ్చిన స్పాంజ్ ఐరన్‌ను కరెంటు కొలిమిలో కరిగిస్తే ఉక్కు అవుతుంది. స్వీడన్‌లోని లూలియో పట్టణంలో హైబ్రిట్ సంస్థ 2020లో ప్రయోగ కర్మాగారం నడిపి, మరుసటి ఏడాదే ఆ ఉక్కును కొనుగోలుదారుకు పంపింది. స్పాంజ్ ఐరన్ తయారీలో ప్రపంచంలో మొదటి స్థానం మన దేశానిదే. అయితే మనం దాన్ని ఎక్కువగా బొగ్గుతోనే చేస్తున్నాం.

మనవాళ్లకు కొత్త సాంకేతికత చేతకాదనో, ఇష్టం లేదనో అనడానికి విశాఖ ఉక్కు చరిత్ర ఒప్పుకోదు. 32 మంది ప్రాణాలు ఇచ్చిన ఉద్యమంతో సాధించుకున్న కర్మాగారం అది. కట్టినప్పుడే దేశంలోని మిగతా ఉక్కు కర్మాగారాల కంటే ఒక తరం ముందుండేలా కట్టారు. ఎర్రగా కాలిన కోక్‌ను నీళ్లు చల్లి ఆర్పడం అప్పటి మామూలు పద్ధతి. దానివల్ల వేడంతా ఆవిరై పోయేది. విశాఖలో నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీసే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. ఫర్నేస్ పైనుంచి ఒత్తిడితో వచ్చే వాయువుతో టర్బైన్లు తిప్పే పద్ధతి కూడా అక్కడ తొలిరోజుల నుంచి నడుస్తోంది. తర్వాత జపాన్ ప్రభుత్వ సంస్థ నెడో సాయంతో సింటర్ కూలర్ వేడి నుంచి కూడా కరెంటు తీశారు. ఈ ఉదాహరణలు చెప్పే సంగతి ఒక్కటే. కొత్తగా కట్టేటప్పుడు గానీ, మొదటి ఖర్చులో కొంత ఇంకొకరు భరించినప్పుడు గానీ కొత్త సాంకేతికత లోపలికి వచ్చింది. మధ్యలో, నడుస్తున్న కొలిమిని ఆపి, సొంత అప్పుతో మార్చమంటే ఏ యాజమాన్యమూ మార్చదు.

ఆ తర్వాత ఆ కర్మాగారానికి జరిగింది మనందరికీ తెలుసు. సొంత ఇనుప ఖనిజ గనులు లేవు. బైలదిల్లా ఖనిజాన్ని కొనుక్కోవాలి, కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఓడల్లో తెప్పించుకోవాలి. 73 లక్షల టన్నుల సామర్థ్యానికి విస్తరించుకోవడానికి చేసిన అప్పులు పీకకు చుట్టుకున్నాయి. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం వాటాల అమ్మకానికి ఆమోదం తెలిపింది. నాలుగేళ్ల తర్వాత, 2025 జనవరిలో, 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. ఆ నాలుగేళ్లూ ఆ సంస్థ వచ్చే నెల బొగ్గు ఎలా కొనాలన్న ఆలోచనలోనే గడిపింది. రేపు యజమాని ఎవరో తెలియని సంస్థ ఇరవై ఏళ్ల తర్వాత ఫలితమిచ్చే పెట్టుబడి గురించి ఎలా ఆలోచిస్తుంది? ప్రభుత్వరంగం మంచిదా, ప్రైవేటు మంచిదా అన్న వాదనలోకి ఇక్కడ వెళ్లడం లేదు. రెండింటిలో ఏదో తేల్చకుండా వేలాడదీయడమే కర్బనం తగ్గింపుకు అతిపెద్ద శత్రువు. బ్లాస్ట్ ఫర్నేస్‌కు పదిహేను, ఇరవై ఏళ్లకోసారి లోపలి ఇటుక పొరంతా మార్చే క్యాపిటల్ రిపేర్ తప్పదు. విశాఖలోని గోదావరి, కృష్ణా ఫర్నేస్‌లకు గత దశాబ్దంలో ఆ పని జరిగింది. అంటే మళ్లీ ఆ గడువు 2030లలోనే వస్తుంది. అప్పుడు మళ్లీ ఇటుకలే పేర్చితే 2050 దాకా బొగ్గే.

ఇక్కడే ఒక లెక్క నన్ను నిలవనివ్వడం లేదు. విశాఖ ఉక్కుకు కూతవేటు దూరమనదగ్గ చోట, అచ్యుతాపురం మండలం పూడిమడకలో, ఎన్టీపీసీ అనుబంధ సంస్థ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 1.85 లక్షల కోట్ల రూపాయలు. లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, అంటే ఏడాదికి దాదాపు ఐదున్నర లక్షల టన్నులు. హైడ్రోజన్ పద్ధతిలో టన్ను ఉక్కుకు సుమారు 55 కిలోల హైడ్రోజన్ కావాలి. విశాఖ ఉక్కు మొత్తం 73 లక్షల టన్నులూ అలాగే చేసినా నాలుగు లక్షల టన్నులతో సరిపోతుంది. పక్కనే, అవసరానికి మించి వచ్చే హైడ్రోజన్! బైలదిల్లా ఖనిజం కూడా ఈ పద్ధతికి కావలసిన మేలురకమే. కానీ ప్రభుత్వ ప్రకటన ప్రకారమే పూడిమడక హబ్ ప్రధానంగా ఎగుమతి మార్కెట్‌ను ఉద్దేశించినది. హైడ్రోజన్ అమ్మోనియాగానో, మిథనాల్‌గానో మారి ఓడెక్కి పోవాలి, ఆస్ట్రేలియా బొగ్గు ఇంకో ఓడలో దిగాలి. దీనికి ఎన్టీపీసీని తప్పుపట్టలేం. విదేశీ కొనుగోలుదారు దీర్ఘకాల ఒప్పందం ఇస్తానంటాడు, విశాఖ ఉక్కు ఇవ్వలేదు. ఇవ్వడానికి దాని దగ్గర డబ్బూ లేదు, తన ఉక్కును ఎక్కువ ధరకు కొంటామని చెప్పిన కొనుగోలుదారూ లేడు.

ధర సంగతి దాచిపెట్టి ఈ వాదన చేయకూడదు. హైడ్రోజన్ ఉక్కుకు టన్నుకు దాదాపు 3,500 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ మూడు రూపాయలకు దొరికితే అది 10,500 రూపాయలు. పరిశ్రమలు మామూలుగా కట్టే ఏడు రూపాయల లెక్కన 24,500. విశాఖ ఉక్కు మొత్తం మారాలంటే ఏడాదికి రెండున్నర వేల కోట్ల యూనిట్లు కావాలి, అంటే రాష్ట్రమంతా వాడే కరెంటులో మూడో వంతుకు దగ్గర. రాత్రిళ్లు ఎండ ఉండదు కాబట్టి నిల్వ ఖర్చు దానికి అదనం. యంత్రాలకు మాత్రమే సబ్సిడీ ఇస్తే ఈ సమస్య తీరదనడానికి జర్మనీ సాక్ష్యం. బ్రేమెన్, ఐసెన్‌హ్యూటెన్‌స్టాట్ కర్మాగారాలను మార్చడానికి అక్కడి ప్రభుత్వం 130 కోట్ల యూరోలు ఇస్తానన్నా, కరెంటు ధర, మార్కెట్ పరిస్థితి బాగోలేవంటూ ఆర్సెలర్ మిత్తల్ 2025 జూన్‌లో వెనక్కి తగ్గింది. కర్మాగారం కట్టడానికి డబ్బు దొరికింది. కట్టాక సరుకు ఎవరు కొంటారన్న భరోసా దొరకలేదు.

భరోసా దొరికితే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2025 జూలై, ఆగస్టు నెలల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీ 13 ఎరువుల కర్మాగారాల కోసం ఏటా 7.24 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియాకు వేలం పెట్టింది. పదేళ్లపాటు కొంటామన్న హామీ, కొంత ప్రోత్సాహకం. ధరలు కిలోకు 50 నుంచి 65 రూపాయల మధ్య పలికాయి. అంతకు ముందు ఏడాది యూరప్ అవసరాల కోసం జరిగిన ఇలాంటి వేలంలో పలికిన ధర కిలోకు వంద రూపాయల చుట్టుపక్కల ఉంది. ఒక్క ఏడాదిలో సాంకేతికత రెట్టింపు మెరుగుపడదు కదా. కొనేవాడు కళ్లముందు కనిపించాడు, అమ్మేవాడు ధైర్యం చేశాడు. అదే పని ఉక్కుకు, సిమెంటుకు ఎందుకు చేయకూడదు? రోడ్లు, వంతెనలు, రేవులు, ప్రాజెక్టులు, ఇళ్ల పథకాలు, రైల్వేలు కలిపితే ఈ రెండు సరుకుల అతిపెద్ద కొనుగోలుదారుల్లో ప్రభుత్వం ముందుంటుంది. ఏది తక్కువ కర్బన ఉక్కో తేల్చే కొలబద్ద కూడా సిద్ధంగానే ఉంది. 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ నిర్వచనం ఇచ్చింది. టన్నుకు 2.2 టన్నుల కంటే తక్కువ కార్బన్ డయాక్సైడ్ వెలువరిస్తే గ్రీన్ స్టీల్. 1.6 కంటే తక్కువైతే ఐదు నక్షత్రాలు. నక్షత్రాలు ఇచ్చారు గానీ, వాటిని చూసి కొనాలన్న నిబంధన ఇంకా గట్టిగా రాలేదు.

శ్రీకాకుళం జిల్లాకు ఇది దూరపు విషయం కాదు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన రేవు అంచనా వ్యయం 4,362 కోట్ల రూపాయలు. అందులో పదో వంతు ఉక్కు ఖర్చు అనుకుందాం, గ్రీన్ స్టీల్ ముప్పై శాతం ఎక్కువ ధర పలుకుతుందనీ అనుకుందాం. మొత్తం ఖర్చు పెరిగేది మూడు శాతం. ఇంటి లెక్కా అంతే. వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇంటికి నాలుగు టన్నుల ఉక్కు, టన్ను 60 వేలు, ముప్పై శాతం పెరిగితే 72 వేల రూపాయలు. పాతిక లక్షల ఇంటి మీద అది మూడు శాతానికి లోపే. ఉక్కు కంపెనీకి ముప్పై శాతం చావుబతుకుల సమస్య. వాడేవాడి దగ్గరికి వచ్చేసరికి అది మోయగలిగిన బరువు. పేదవాడి ఇంటి మీద ఆ 72 వేలు వేయమని నేను అనడం లేదు. మొదట ప్రభుత్వ పనుల మీద, అందులోనూ పెద్ద పనుల మీద వేయాలి. మూలపేట తొలి దశ పనులు చాలా దూరం వచ్చాయి, వాటి షరతులు మధ్యలో మార్చడం న్యాయం కాదు. రేవు తర్వాతి దశలకు, దాన్ని కలిపే రోడ్డు, రైలు పనులకు, అమరావతి నిర్మాణాలకు పిలిచే టెండర్లలో ఏటా ఇంత శాతం గ్రీన్ స్టీల్ వాడాలని, పదేళ్లకు సరిపడా ముందే ప్రకటించవచ్చు. ఆ ప్రకటన కాగితాన్ని పట్టుకుని విశాఖ ఉక్కు పూడిమడక దగ్గరికి వెళ్లగలదు.

కానీ ఆ కాగితం మీద నమ్మకం ఉండాలి. ఈ విషయంలో మన రాష్ట్రం తనకు తాను చేసుకున్న హానిని ఒప్పుకోక తప్పదు. 2019 జూలైలో కొత్త ప్రభుత్వం, పాత సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ తిరిగి బేరమాడటానికి కమిటీ వేసింది. ధరల మీద ఆ ప్రభుత్వానికున్న అనుమానాలను తేలిగ్గా కొట్టిపారేయలేం. పాత ఒప్పందాలు నిజంగానే ఖరీదైనవి, డిస్కంలు నిజంగానే నష్టాల్లో ఉన్నాయి. అయినా సంతకం చేసిన ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ మూడేళ్లలో బకాయిలు పేరుకుపోయాయి, ఆంధ్రప్రదేశ్ పేరు వినగానే అప్పిచ్చేవాళ్లు వెనకడుగు వేసే రోజు వచ్చింది. మాట తప్పుతారన్న భయం వడ్డీ రూపంలో బిల్లులోకి ఎక్కుతుంది. రెండు శాతం వడ్డీ పెరిగితే గ్రీన్ హైడ్రోజన్ ధర మీద దాని దెబ్బ, ఏ పరిశోధనశాలా సరిచేయలేనంత ఉంటుంది. అందుకే ఉక్కు కొనుగోలు హామీ ప్రభుత్వాలు మారినా నిలిచేలా ఉండాలి. ఒక జీవోతో వదిలేయకుండా చట్టం చేసి, చెల్లింపులకు విడిగా నిధి ఏర్పరచాలి.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. గాలిని పాడుచేసింది పశ్చిమ దేశాలైతే, ఆ మూడు శాతమైనా మనమెందుకు మోయాలి? నిజమే, తలసరి లెక్క తీస్తే మన వాటా చాలా తక్కువ. అంతర్జాతీయ వేదికల మీద ఆ డబ్బు అడగడం మానకూడదు. కానీ అడుగుతూ కూర్చునే వ్యవధి ఈ తీరానికి లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలను కూల్చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి కొన్నేళ్లు పడుతుంది, ఆ మధ్యలో కుటుంబాలు వలసపోయాయి. వేడెక్కుతున్న సముద్రం మీద తుపాన్ల బలం పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. పైగా ఈ ఖర్చును మనం తప్పించుకోగలమన్నది భ్రమ. 2026 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య తన సరిహద్దు దగ్గర ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల మీద కర్బన సుంకాన్ని పూర్తిస్థాయిలో అమలు చేస్తోంది. మనం ఇక్కడ ఖర్చు పెట్టకపోతే ఆ డబ్బు అక్కడి ఖజానాకు చేరుతుంది. ఆ సుంకం అన్యాయమనే నేనూ అంటాను. అన్యాయమైనా కట్టాల్సిందే కదా.

రెండో అభ్యంతరం ఇక్కడి నేల నుంచే వస్తుంది, దానికే నేను ఎక్కువ విలువిస్తాను. బొగ్గు పేరుతో బీల భూములు అడిగినవాళ్లు రేపు గ్రీన్ పేరుతో అడగరని నమ్మకమేమిటి? పూడిమడకలో లాగా రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలంటే, రసాయన లెక్క ప్రకారమే కనీసం 1.35 కోట్ల లీటర్ల శుద్ధ జలం కావాలి. కిడ్నీ వ్యాధితో అల్లాడుతూ, తాగునీటి పథకం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఉద్దానానికి నీటి మాట వింటే గుండె గుబగుబలాడుతుంది. ఇది మూఢ భయం అని ఎవరైనా అంటే వాళ్లకు ఈ ప్రాంతపు చరిత్ర తెలియదు. సముద్రపు నీటిని శుద్ధి చేసుకునే ఖర్చు హైడ్రోజన్ ధరలో చాలా చిన్న భాగం. కాబట్టి నదుల నీరు, భూగర్భ జలం ముట్టుకోకూడదన్నది అనుమతిలోనే రాయించాలి. తేలినీలాపురం పక్షులు వాలే చిత్తడి నేలలు, పంటతోటలు మినహాయించి స్థలం చూడాలి. ఈ షరతులు పాటించలేని ప్రాజెక్టుకు గ్రీన్ అన్న పేరు ఇవ్వకూడదు. ఉద్యోగాల సంగతీ దాటవేయకూడదు. హైడ్రోజన్ పద్ధతిలో కోక్ ఓవెన్లు, సింటర్ ప్లాంటు ఉండవు, అక్కడి పనులూ ఉండవు. ముందుగా రోడ్డున పడేది ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వెళ్లి కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లే. మార్పు ఖర్చులో వాళ్ల శిక్షణ, మధ్యకాలపు జీతం మొదటి రోజునుంచీ లెక్కలో ఉండాలి.

ఇక చివరి అభ్యంతరం, పెద్ద కంపెనీలు చెప్పేది: సాంకేతికత ఇంకా పండలేదు, ఇతర దేశాలు ప్రయోగాలు చేసుకున్నాక చవకగా కొనుక్కుందాం. ఫోన్ల విషయంలోనో, బ్యాటరీల విషయంలోనో ఇది చెల్లుతుంది. నలభై ఏళ్లు నిలిచే కొలిమి విషయంలో చెల్లదు. అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్ రెండు దశల్లో విశాఖ ఉక్కుకు రెండింతలు దాటే కర్మాగారం కట్టబోతోంది. తొలి దశ బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలోనే. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని దేశం మాట ఇచ్చింది. నక్కపల్లిలో 2030 ప్రాంతంలో వెలిగే ఫర్నేస్ ఆ గడువు దగ్గరపడే దాకా మండుతూనే ఉంటుంది. ఇది ఆపమనడం ఇప్పుడు సాధ్యం కాకపోవచ్చు. ఉత్తరాంధ్రకు ఆ ఉద్యోగాలు అవసరం. కానీ ఆ కంపెనీకి భూమి, రాయితీలు, రేవు అనుమతి ఇస్తున్నది ప్రజల తరఫున ప్రభుత్వం. రెండో దశను బొగ్గు లేని పద్ధతిలో కట్టాలని, అందుకు ఇప్పుడే స్థలం, విద్యుత్ లైన్లు, పూడిమడక నుంచి గొట్టపు మార్గం కేటాయించాలని అడిగే హక్కు మనకుంది. బదులుగా ఆ ఉక్కులో ఇంత భాగం పదేళ్లపాటు కొంటామని రాష్ట్రం రాసివ్వాలి. రెండో దశ రాయితీల ఉత్తర్వు మీద సంతకం పడకముందే ఈ రెండూ అందులో చేరాలి.